గుండు గీస్తే బయటపడిన మచ్చ: నెత్తి మీద యాంజియోసార్కోమాకు రేడియేషన్ ఇచ్చిన ఒక కేసు

తిరుమల కల్యాణకట్టలో గుండు గీస్తున్న క్షురకుడు మధ్యలో చెయ్యి ఆపి, "పెద్దాయనా, ఇక్కడ దెబ్బేమైనా తగిలిందా? కమిలిపోయి ఉంది" అని అడిగాడట. నెల ముందు పశువుల కొట్టం గుమ్మం తలకు కొట్టుకున్న సంగతి గుర్తుంది కాబట్టి అదే అయి ఉంటుందని ఇంట్లో అందరూ అనుకున్నారు. ఆముదం రాశారు. జుట్టు మళ్లీ పెరిగి మచ్చను కప్పేసింది. నాలుగు నెలల తర్వాత దువ్వెనకు రక్తం అంటితే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లారు. ఆయన సెగ్గడ్డ అనుకుని చిన్న గాటు పెట్టాడు. చీము రాలేదు, రక్తం మాత్రం చాలాసేపు ఆగలేదు. తర్వాత టౌన్‌లో ఒక ఆస్పత్రిలో యాంటిబయాటిక్‌లు, డ్రెస్సింగులు. క్షురకుడు చూసిన రోజు నుంచి బయాప్సీ జరిగే దాకా మొత్తం ఏడు నెలలు పోయాయి.

ప్రకాశం జిల్లా పొగాకు రైతు, 71 ఏళ్లు. బీపీ మాత్ర తప్ప వేరే మందు లేదు. ఫిబ్రవరిలో పెద్ద కూతురు వెంటబెట్టుకుని మా రేడియేషన్ విభాగం ఓపీకి తీసుకొచ్చింది. చేతిలో బయాప్సీ రిపోర్టు ఉంది: యాంజియోసార్కోమా అనే అరుదైన క్యాన్సర్. సిడి31, ఇఆర్‌జి రెండూ పాజిటివ్. అంటే ఈ కణాలు రక్తనాళాల లోపలి పొర నుంచి పుట్టినవని పాథాలజిస్టు మార్కర్లతో నిర్ధారించారు. గాటు పెట్టినప్పుడు రక్తం ఆగకపోవడానికి కారణం కూడా అదే.

మెత్తటి కణజాలాల్లో వచ్చే సార్కోమాలన్నిటిలో యాంజియోసార్కోమా ఒకటి రెండు శాతం మాత్రమే. అందులో నెత్తి, ముఖం మీద వచ్చే రకం ఎక్కువగా పెద్ద వయసు మగవాళ్లలో కనబడుతుంది. ఇంగ్లండ్‌కు చెందిన విల్సన్ జోన్స్ 1964లో దీన్ని ఒక ప్రత్యేకమైన జబ్బుగా వర్ణించారు. అప్పటి నుంచి ఇప్పటిదాకా దీనితో పెద్ద చిక్కు ఒకటే. ఇది గడ్డలా మొదలవదు, కమిలిన మచ్చలా మొదలవుతుంది. దెబ్బ వల్ల కమిలిన మచ్చ రెండు మూడు వారాల్లో పసుపు రంగుకు తిరిగి మాయమవ్వాలి. మాయమవకుండా నెల దాటినా, ఇంకా పెద్దదవుతున్నా బయాప్సీ చెయ్యాలి. ఈ కేసు గురించి రాయడానికి నాకున్న మొదటి కారణం ఈ మాట చెప్పడం. చర్మం డాక్టర్లకు ఇది తెలుసు. ఊళ్లో మొదట చూసే వాళ్లకు తెలియాలి.

కళ్లకు కనబడింది కుడి పక్క 6 × 5 సెంటీమీటర్ల ఊదా రంగు మచ్చ. మధ్యలో రెండు చిన్న గడ్డలు, ఒకటి పచ్చిగా రక్తం ఓడుతోంది. ఇలాంటి వాళ్లకు నేను తప్పకుండా చేసే పరీక్ష ఒకటుంది, దానికి మిషన్ అక్కర్లేదు. కుర్చీలో కూర్చోబెట్టి, తల గుండె కంటే కిందికి వచ్చేలా ముందుకు వంచమని పది సెకన్లు ఉంచాను. లేచేసరికి మచ్చ నల్లగా ఉబ్బింది. అంతకుముందు ఏమీ లేదనుకున్న నుదుటి వైపు ఇంకో రెండు చుక్కలు తేలాయి. కూతురు పక్కనే నిలబడి చూస్తోంది. "ఇవి ఇందాక లేవు కదమ్మా" అంది. ఉన్నాయి, కనబడలేదంతే.

క్లిప్పర్‌తో జుట్టు మళ్లీ తీయించాం. బ్లేడు వాడనివ్వలేదు, తెగితే రక్తం ఆపడం కష్టం. మచ్చ అంచు నుంచి రెండు సెంటీమీటర్లు బయటికి, నాలుగు దిక్కులా మామూలుగా కనబడే చర్మం నుంచి చిన్న గుండ్రటి ముక్కలు (పంచ్ బయాప్సీలు) తీశాం. మూడు శుభ్రంగా వచ్చాయి. నుదుటి వైపు తీసిన నాలుగోదాంట్లో ట్యూమర్ ఉంది. ఎంఆర్‌ఐలో పుర్రె ఎముక బయటి పొర దెబ్బతినలేదు. ఎక్కడికైనా పాకిందేమోనని తీసిన పెట్ సీటీలో మెడ గ్రంథులు, ఊపిరితిత్తులు, లివర్ బాగున్నాయి.

ఆపరేషన్ ఎందుకు వద్దనుకున్నాం

డాక్టర్లంతా కూర్చుని కేసు చర్చించే ట్యూమర్ బోర్డులో మొదటి ప్రశ్న ఇదే. కోసి తీసేయగలిగితే, తర్వాత రేడియేషన్ ఇస్తే ఫలితాలు మెరుగ్గా ఉంటాయని చాలా సెంటర్ల అనుభవం. కానీ అలా తీసేయగలిగే పేషెంట్లు చిన్న మచ్చతో, ముందుగా వచ్చినవాళ్లు. వాళ్లను, మా పెద్దాయనలాంటి వాళ్లను పక్కపక్కన పెట్టి పోల్చడం సరికాదని నా అభిప్రాయం. కనబడే అంచు నుంచి రెండు సెంటీమీటర్ల అవతల ట్యూమర్ ఉన్నప్పుడు సర్జన్ ఎక్కడ ఆపాలి? సగం పైగా నెత్తి తీసి, తొడ చర్మమో వీపు కండో తెచ్చి కప్పినా, అంచులు శుభ్రంగా వస్తాయన్న నమ్మకం మా సర్జన్‌కు లేదు. ఆ మాట ఆయన నేరుగా చెప్పారు.

కాబట్టి ముందు వారం వారం పాక్లిటాక్సెల్ అనే కీమో మందు, చదరపు మీటరుకు 80 మిల్లీగ్రాముల లెక్కన ఎనిమిది వారాలు, ఆ తర్వాత నెత్తి మొత్తానికి రేడియేషన్ అని నిర్ణయించాం. రేడియేషన్‌తో పాటే టాక్సేన్ మందు (పాక్లిటాక్సెల్ ఆ కోవలోదే) కూడా ఇచ్చే పద్ధతి జపాన్‌లో బాగా వాడుకలో ఉంది. మేం ఆ వయసుకు, ఆ ఎండాకాలానికి రెండూ ఒకేసారి వద్దనుకున్నాం. ఎనిమిది వారాలకు గడ్డలు రెండూ చదునైపోయాయి, రక్తం ఓడడం ఆగింది, మచ్చ రంగు పలచబడింది. ఇంట్లోవాళ్లు తగ్గిపోయిందనుకున్నారు. ఇక కరెంటు ఎందుకని కూడా అడిగారు. మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది రేడియేషన్‌ను "కరెంటు పెట్టడం" అనే అంటారు. మందు తగ్గించినంత తొందరగా ఈ జబ్బు తిరిగొస్తుందని, నెత్తి మీద దాన్ని నిలబెట్టగలిగేది రేడియేషనేనని వివరించాను.

సంతకం తీసుకునే ముందు చెప్పాల్సింది ఒకటుంది. ఈ డోసుకు జుట్టు మళ్లీ రాదు. నెత్తి మీద ఎక్స్‌రే పడితే జుట్టు రాలుతుందన్నది రేడియేషన్ గురించి మనుషులు మొదట తెలుసుకున్న విషయాల్లో ఒకటి. 1896లో, ఎక్స్‌రేలు కనిపెట్టిన సంగతి లోకానికి తెలిసిన కొద్ది నెలలకే, అమెరికాలో నాష్‌విల్‌లోని వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో జాన్ డేనియల్ తన సహోద్యోగి తలకు ఎక్స్‌రే తీశారు. 21 రోజుల తర్వాత కిరణాలు పడిన చోట జుట్టు ఊడిపోయింది. అప్పటి డోసు చిన్నది. మేం ఇవ్వబోయేదానికి జుట్టు కుదుళ్లే చచ్చిపోతాయి. పెద్దాయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే ఇక స్వామికి తల ఇయ్యలేనన్నమాట" అన్నాడు. 71 ఏళ్ల మనిషికి జుట్టుతో పనేముందిలే అని ఆ రోజు దాకా నేను ఆ లైను గబగబా చదివేసేదాన్ని. ఇప్పుడు ఆగి చెబుతున్నాను.

మైనం టోపీ

నెత్తికి రేడియేషన్ ఇవ్వడంలో అసలు కష్టం చాలామంది అనుకునేదానికి తిరగబడి ఉంటుంది. లోతైన గడ్డకు కిరణం చేర్చడం మాకు రోజూ చేసే పని. పై చర్మానికి చేర్చడమే కష్టం. మేం వాడే 6 ఎంవి శక్తి ఎక్స్‌రే చర్మం మీద తక్కువ డోసు వదిలి, లోపలికి సుమారు ఒకటిన్నర సెంటీమీటర్లు వెళ్లాక పూర్తి డోసు ఇస్తుంది. మిగతా క్యాన్సర్లకు ఇది వరం, చర్మం కాలకుండా ఉంటుంది. కానీ నెత్తి చర్మం మొత్తం మందమే అర సెంటీమీటరు చుట్టుపక్కల. అంటే ఏమీ పెట్టకుండా ఇస్తే కిరణం ట్యూమర్‌ను దాటి, ఎముకలోనో మెదడులోనో పూర్తి బలం చూపిస్తుంది. అందుకని చర్మం మీద చర్మం లాంటి మందమైన పొర ఒకటి కప్పుతాం. దాన్ని బోలస్ అంటాం. కిరణం ఆ పొరలో బలం పుంజుకుని చర్మం దగ్గరికి వచ్చేసరికి పూర్తి డోసులో ఉంటుంది.

ఎక్కువ లోతుకు వెళ్లని ఎలక్ట్రాన్ కిరణాలు వాడొచ్చు కదా అని అడిగే జూనియర్లుంటారు. అరచేయంత చోటుకైతే ఎలక్ట్రాన్లే మంచివి. కానీ నెత్తి గుండ్రం. మొత్తం నెత్తిని ఎలక్ట్రాన్ ఫీల్డులతో కప్పాలంటే ముక్కలు ముక్కలుగా పెట్టి అతకాలి. ప్రతి అతుకు దగ్గరా ఒకచోట డోసు ఎక్కువ, ఇంకోచోట తక్కువ. పక్కల నుంచి ఫోటాన్లు (అంటే ఎక్స్‌రేలే), పైన ఎలక్ట్రాన్లు కలిపి ఇచ్చే పాత పద్ధతితో చాలా ఏళ్లు నడిచింది, అదీ పనిచేస్తుంది. ఈ కేసుకు మేం వీమ్యాట్ అనే పద్ధతి తీసుకున్నాం. మిషన్ తల చుట్టూ తిరుగుతూ నెత్తి వంపును అనుసరించి డోసు పరుస్తుంది.

ప్లాన్ కోసం సీటీ తీసే మొదటి సిమ్యులేషన్‌లో, తల కదలకుండా తొడిగే మాస్కు మీద బజారులో దొరికే జెల్ షీట్లు పరిచాం. సీటీ చూస్తే మనసు కుదురుకోలేదు. వెనక మెడ పైన వంపు దగ్గర షీటుకు, చర్మానికి మధ్య సెంటీమీటరు ఖాళీ. నడినెత్తిన మడతలు. గాలి ఉన్నచోట బోలస్ ఉన్నా దాని పని పూర్తిగా జరగదు.

అప్పుడు మాస్కులు, అచ్చులు చేసే మోల్డ్ రూమ్‌లో పాత పద్ధతికి వెళ్లాం. మా టెక్నీషియన్ పాతికేళ్లుగా ఆ గదిలోనే పనిచేస్తున్నాడు. వేడినీళ్ల తొట్టిలో మెత్తబడిన మాస్కు షీటును పెద్దాయన తలకు తొడిగి, రెండు అరచేతులతో చెవుల వెనక నుంచి మెడ దాకా నొక్కుతూ గట్టిపడే దాకా పట్టుకున్నాడు. తర్వాత ఆ చిప్ప మీద, కరిగించిన పారాఫిన్ మైనంలో ముంచిన గాజుగుడ్డ పొర మీద పొర. ప్రతి పొర ఆరాక సూది గుచ్చి మందం కొలిచాడు. అన్నిచోట్లా 8 మిల్లీమీటర్లు వచ్చే దాకా తగ్గినచోట పోశాడు, ఎక్కువైనచోట చెంచాతో గీకాడు. మధ్యాహ్నం మొదలుపెడితే సాయంత్రం అయింది. త్రీడీ ప్రింటింగ్ ఉన్న సెంటర్లలో ఇదే పని కంప్యూటర్ చేస్తుంది, బాగా చేస్తుంది. మాకు ఆ చేతులు ఉన్నాయి. ఆ టోపీ పెట్టి మళ్లీ సీటీ తీస్తే ఎక్కడా ఖాళీ 3 మిల్లీమీటర్లు దాటలేదు.

టోపీ చూసి పెద్దాయన అడిగింది ఒక్కటే: "ఇది తొడిగితే ఊపిరి ఆడిద్దా అమ్మా?" ముఖం తెరిచే ఉంటుందని చూపించాక ఆ టెన్షన్ పోయింది.

ప్లాన్ ఇది. నెత్తి మొత్తానికి 50 గ్రే (గ్రే అంటే రేడియేషన్ డోసు కొలత), 25 రోజుల్లో. ఆ తర్వాత మచ్చ ఉన్న కుడి పక్కకు, బయాప్సీ పాజిటివ్ వచ్చిన నుదుటి భాగానికి కలిపి 16 గ్రే, 8 రోజుల్లో, సెంటీమీటరు బోలస్ కింద 6 ఎంఈవీ ఎలక్ట్రాన్లతో. మొత్తం 66. కంటికి కనబడని జబ్బుకు 50 చుట్టుపక్కల, కనబడే జబ్బుకు 60 నుంచి 70 మధ్య అన్నది ఈ ట్యూమర్‌కు అందరూ వాడే కొలత. మెదడుకు సగటున 17 గ్రే పడింది. రెండు పక్కలా జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోక్యాంపస్‌కు 10 లోపు, కంటి లెన్సుకు 6 లోపు ఉంచాం. ఇక హద్దు. ముందు కనుబొమ్మల పై దాకా, వెనక మెడ గుంట దాకా, పక్కల చెవి పై అంచు దాకా గీశాను. కుడివైపు కణత దగ్గర ఇంకా కిందికి దించాలా వద్దా అని కాసేపు ఆలోచించాను. దించితే చెవి ముందుండే లాలాజల గ్రంథి పెరోటిడ్‌కు డోసు పెరుగుతుంది, నోరు ఎండుతుంది. కంటి బయటి మూల కూడా దగ్గర. చెవి పై అంచు దగ్గరే ఆపేశాను.

రోహిణి కార్తె

మే మొదటి వారంలో మొదలుపెట్టాం. మొదటి రోజు టోపీ కింద ఐదు చోట్ల ఫిల్మ్ ముక్కలు పెట్టి కొలిచాం. అన్నీ ప్లాన్‌కు ఐదు శాతం లోపే వచ్చాయి. రోజూ తల సరిగ్గా కుదిరిందో లేదో చూడడానికి మిషన్ మీదే కోన్‌బీమ్ సీటీ అనే స్కాన్ తీసేవాళ్లం. చాలా సెంటర్లలో ఆ బొమ్మలో ఎముక కుదిరిందా అని మాత్రమే చూసి ఓకే అంటారు. నెత్తి కేసుల్లో ఎముక కంటే టోపీ కింది గాలిని చూడాలి. మూడో వారంలో మా టెక్నాలజిస్టు ఒకమ్మాయి ఫోన్ చేసి, "మేడమ్, కుడి పక్క నల్లగా గీత కనబడుతోంది, ఒకసారి రండి" అంది. వెళ్లి చూస్తే 6 మిల్లీమీటర్ల ఖాళీ. చదునైన గడ్డ ఇంకా కరిగి, అక్కడి చర్మం లోపలికి దిగింది. జబ్బు తగ్గడం వల్లే బోలస్ వదులైంది. ఫిజిసిస్టు ఆ బొమ్మ మీద లెక్క మళ్లీ కడితే సరిగ్గా ఆ చోట, ట్యూమర్ ఉన్న చోటే, చర్మం పై డోసు పది శాతం దాకా పడిపోయింది. ఆ రోజు ట్రీట్‌మెంట్ ఆపించాను. సాయంత్రానికి టోపీ లోపలి వైపు మైనం అద్ది, మళ్లీ సీటీ తీసి, మర్నాడు కొనసాగించాం. ఆ అమ్మాయి ఆ గీతను పట్టించుకోకపోయి ఉంటే మిగతా రోజులన్నీ అలాగే ఇచ్చేవాళ్లం.

నాలుగో వారానికి నెత్తి ఎర్రబడింది. ఐదో వారం, రోహిణి కార్తె ఎండలు, చెవుల వెనక, మెడ పైన చర్మం ఊడి తడిగా చెమర్చింది. తీవ్రత లెక్కలో గ్రేడ్ 3. బోలస్ పెట్టేదే చర్మానికి పూర్తి డోసు ఇవ్వడానికి కాబట్టి ఇది వస్తుందని ముందే తెలుసు. ఉప్పునీటిలో తడిపిన గాజుగుడ్డ, సిల్వర్ సల్ఫాడయజిన్ క్రీమ్, నొప్పికి మాత్రలు. ట్రీట్‌మెంట్‌కు ముందు ఆ క్రీమంతా శుభ్రంగా తుడిచేయాలి. ఇంట్లో ఎవరో పసుపు, కొబ్బరినూనె కలిపి రాశారు. కూతురు దాచకుండా చెప్పింది, నేను కోప్పడలేదు. తడి గుడ్డతో తీసేసి, ఏది రాయొచ్చో ఒక కాగితం మీద రాసిచ్చాను. మూడు రోజులు విరామం ఇచ్చాం. అంతకంటే ఎక్కువ ఇవ్వడం నాకు ఇష్టం లేదు, ఈ ట్యూమర్ ఖాళీ దొరికితే ఊరుకోదు. జూన్ నాలుగో వారంలో 33 రోజులూ పూర్తయ్యాయి. నెలన్నరకు పుండ్లు మానాయి.

తర్వాత మళ్లీ పాక్లిటాక్సెల్ మొదలుపెట్టాం. నాలుగు విడతలకు అరికాళ్లు మొద్దుబారి, చెప్పు జారిపోతున్నా తెలియని స్థితి వచ్చింది. పొలం గట్ల మీద నడిచే మనిషి. ఆపేశాం.

మూడు నెలలకు, ఆరు నెలలకు నెత్తి శుభ్రంగా ఉంది. పలచగా, నున్నగా మెరుస్తూ, ఒక్క వెంట్రుక లేకుండా. పెట్ సీటీ శుభ్రం. ఎండలో టవలు చుట్టుకుని పొలానికి వెళ్తున్నాడు.

11వ నెలలో కూతురు వాట్సాప్‌లో ఫోటో పంపింది. కుడి చెవి ముందు, దవడ ఎముక పైన చింతగింజంత ఊదా మచ్చ. నేను పాత ప్లాన్ తెరిచి చూశాను. నా హద్దు గీత నుంచి రెండు సెంటీమీటర్ల కింద. నేను ఆలోచించి ఆపేసిన చోటు. బయాప్సీ పాజిటివ్. చిన్న ఎలక్ట్రాన్ ఫీల్డుతో, బోలస్‌తో అక్కడ 60 గ్రే ఇచ్చాం. అక్కడ మళ్లీ రాలేదు. మొదటే దించి ఉంటే ఆ మచ్చ వచ్చేదా రాదా అని ఎవరూ తేల్చలేరు. కానీ హద్దు గీసిన చెయ్యి నాదే, పెద్దాయనకు, కూతురికి ఆ మాట చెప్పాను. "మీరు చేసింది నాకు తెలుసులేమ్మా" అన్నాడు.

ట్యూమర్‌కు రక్తనాళాలు పెరగకుండా అడ్డుకునే పజోపానిబ్ మాత్రలు మొదలుపెట్టాం. 17వ నెలలో ఒక రాత్రి ఉన్నట్టుండి ఆయాసం. ఎడమ ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరింది. సీటీలో రెండు పక్కలా పలచటి గోడలున్న తిత్తులు. నెత్తి యాంజియోసార్కోమా ఊపిరితిత్తులకు పాకితే చాలాసార్లు ఇలాగే గాలి తిత్తుల్లా కనబడుతుంది, అవి పగిలితే గాలి బయటికొచ్చి ఊపిరితిత్తిని నొక్కేస్తుంది. అక్కడి ఆస్పత్రివాళ్లు ఛాతీలోకి ట్యూబ్ వేశారు, ఊపిరి తేలికైంది. ఇంటికి వెళ్లిపోతానన్నాడు. నొప్పికి, ఆయాసానికి మార్ఫిన్ మాత్రలు ఎలా వేయాలో కూతురికి నేర్పించి పంపాం. ఐదు వారాలకు ఇంట్లోనే పోయాడు. చివరిసారి చూసినప్పుడు నెత్తి మీద జబ్బు లేదు. ఒక్క రోజు కూడా మళ్లీ రక్తం ఓడలేదు, డ్రెస్సింగ్ వాసన లేకుండా మనవళ్ల మధ్య పడుకున్నాడని కూతురు చెప్పింది. ఈ జబ్బును నెత్తి మీద వదిలేస్తే ఎలా ఉంటుందో చూసినవాళ్లకు ఆ మాట విలువ తెలుస్తుంది.

నెత్తి మీద వచ్చే అరుదైన ట్యూమర్లన్నీ ఇంత మొండివి కావు. మెర్కెల్ సెల్ అనే చర్మ క్యాన్సర్ రేడియేషన్‌కు బాగా లొంగుతుంది. చర్మపు లింఫోమాల్లో కొన్ని 24 గ్రేకే మాయమవుతాయి. డిఎఫ్‌ఎస్‌పీ అనే చర్మపు సార్కోమాకు మొదట ఆపరేషన్, కోసిన అంచుకు ట్యూమర్ దగ్గరగా ఉంటే రేడియేషన్. కానీ దేనికైనా నెత్తి మీద బోలస్ కింద గాలి ఉండకూడదన్న నియమం మారదు.

పోయిన నెల ఇంకొకరు వచ్చారు. 66 ఏళ్లు, రిటైరైన టీచరు. ఎడమ కణత మీద కమిలిన మచ్చ, రెండు నెలలది. చర్మం డాక్టర్ చూసిన రోజే బయాప్సీ తీసి పంపారు. ఆయన ప్లాన్‌లో హద్దును చెవి ముందు నుంచి దవడ మూల దాకా దించాను. పెరోటిడ్ గ్రంథికి డోసు పెరిగింది. నోరు ఎండుతుందని, నీళ్ల సీసా ఎప్పుడూ దగ్గరే పెట్టుకోవాలని చెప్పాను. టోపీ ఆయనకూ మైనంతోనే చేశాం. నిన్నటికి పన్నెండో రోజు. పొద్దున కోన్‌బీమ్ చూశాను, గాలి లేదు.